పెంటకుప్ప నుండి పంటకుప్పకు

సంగారెడ్డి జిల్లాలో కర్ణాటక సరిహద్దునకు దాపున మొగుడంపల్లి యను గ్రామము కలదు. ఒకప్పుడిది జహీరాబాదు మండలములోనిది. 2016వ సంవత్సరమున జిల్లాలను పునర్విభజించినప్పుడు ప్రత్యేక మండల కేంద్రమైనది. ఈ ప్రాంతమున ఎఱ్ఱనేలలును, నడుమ నడుమ నల్లరేగడి చేలును కలవు. వానను నమ్ముకొనిన సేద్యమే యెక్కువ. జొన్న, కంది, పెసర, శనగ ఈ నేలకు పాత చుట్టములు. చెఱకు, ప్రత్తి, అల్లము, ఆలుగడ్డ తరువాత వచ్చి స్థిరపడిన యతిథులు.

ఇట్టి యూరి పాఠశాలలో ఉపాధ్యాయుడు నల్లబల్లపై ఒక గుండ్రని చిత్రమును గీయుననుకొందము. భూమినుండి వస్తువు పుట్టును; మనుష్యుడు దానిని వాడుకొనును; వాడిన పిమ్మట అది మరల ఏదో యొక రూపమున పనికో, మంటికో చేరును. దీనికి వర్తులార్థిక వ్యవస్థ యని పేరు. పత్రికలవారు సర్క్యులర్ ఎకానమీ యనియు వ్రాయుదురు. తీసికొనుట, వాడుట, పాఱవేయుట అను సరళరేఖకు ఇది మాఱుగా నిలుచునది. చిత్రములో నాలుగు బొమ్మలు, వాని నడుమ నాలుగు బాణపు గుర్తులు. విద్యార్థి దానిని తన పుస్తకమున నెక్కించుకొనును. పరీక్షలో మరల గీసి మార్కులు సంపాదించుకొనును.

చిత్రములో తప్పు లేదు. కాని బాణపు గుర్తుకు బరువు లేదు. పేడగంపకు బరువు కలదు. బొమ్మనుండి బొమ్మకు బాణము తనంతట తాను పోవును. కొట్టమునుండి పెంటకుప్పకు పేడ తనంతట తాను పోదు. ఎవరో యొకరు తెల్లవాఱకముందే లేచి, నడుము వంచి యెత్తి, నెత్తిపై పెట్టుకొని మోయవలెను. ఆ మోయువారెవరు? దానివలన వారికి దక్కుచున్నదేమి? ఈ రెండు ప్రశ్నలును తరగతి గదిలో పుట్టుట కష్టము. అందువలననే ఈ విషయమును చదువుటకంటె నడచి చూచుట మేలు. చూచుట యనగా బస్సు దిగి, వరుసలో నిలుచుండి, ఛాయాచిత్రము తీయించుకొని వచ్చుట కాదు. ఒక వస్తువు వెంటబడి, అది బయలుదేఱిన చోటికి తిరిగి వచ్చువఱకు, లేదా ఎచ్చట తప్పిపోయినదో తెలియువఱకు విడువక నడచుట.

ఈ నడకకు మొదటి మజిలీ యింటి పెరడే. జొన్న కోసిన పిదప చొప్ప పశువునకు మేతయగును. పశువు తినక విడిచిన మోళ్లు, పేడ, మూత్రముతో తడిసిన మన్ను, పొయ్యిలోని బూడిద, వాకిలి యూడ్చిన చెత్త, ఇవన్నియు ఒకచోట కుప్పగా చేరును. కొన్నాళ్లకు ఆ కుప్పలో ఒక ఇనుప చువ్వను గ్రుచ్చి తీసి ముట్టుకొనినచో వేడిగా నుండును. తడియు గాలియు సరిగా నున్న కుప్పలో వేడి 55, 60 డిగ్రీల సెంటీగ్రేడు వఱకు పోవును. నిప్పు లేదు, ఎండ తగులుట లేదు. కంటికి కనబడని సూక్ష్మజీవులు లోపల పనిచేయుచుండుటయే ఆ వేడికి కారణము. వేసవిలో ఆ పెంటను బండ్లకెత్తి చేలలో దిబ్బలుగా పోయుదురు. మృగశిర కార్తె వానలకు ముందుగా వెదజల్లుదురు.

ఇందులో ఒక లోపమును విద్యార్థి కనిపెట్టవలసి యున్నది. ఎండకు ఎండి, వానకు నానిన కుప్పలో సారము నిలువదు. నత్రజని కొంత అమోనియా వాయువై గాలిలో కలియును. కొంత వాననీటితో మురికికాలువ పాలగును. గొయ్యి త్రవ్వి, పొరలు పొరలుగా వేసి, నీడయు తడియు కాపాడినచో అదే పేడ నేలకు ఎక్కువ బలమిచ్చును. ఆల్బర్ట్ హోవార్డ్ అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు 1924 మొదలు 1931 వఱకు ఇండోరు నగరమున పనిచేసి ఈ విధానమును క్రమపఱచెను. ఇండోరు పద్ధతి యని దానికి పేరు వచ్చెను. ఆయన భారతదేశమునకు వచ్చినది వ్యవసాయము నేర్పుటకు. తుదకు ఇచ్చటి రైతులను, పైరుల మీది పురుగులను తన గురువులని చెప్పుకొనెను. నేర్ప వచ్చినవాడు నేర్చుకొని పోవుట విద్యలో అన్నిటికంటె గొప్ప సంగతి. అట్లని పెద్దల పద్ధతియంతయు నిర్దోషమని ఆయన యనలేదు. గొయ్యి లోతును, పొరల వరుసను, తిరుగవేయవలసిన దినములను కొలిచి చెప్పెను.

పెంటబండి వెంట నడచినచో పొలము వచ్చును. జహీరాబాదు ప్రాంతపు మెట్టచేలలో పది పదునైదు రకముల విత్తులను కలిపి విత్తు నలవాటు కలదు. జొన్న నడుమ కంది, దాని నడుమ పెసర, అలసంద, గట్టు వెంట పుంటికూర, నువ్వు. దూరమునుండి గందరగోళముగా తోచును. దగ్గఱకు పోయినచో అందులో ఒక లెక్క కలదని తెలియును. లేత కంది మొక్కనొకదానిని వేళ్లతో జాగ్రత్తగా పెల్లగించి చూచినచో వేళ్లపై చిన్న చిన్న బుడిపెలు కనబడును. బుడిపెను గోటితో చీల్చినప్పుడు లోపల లేత యెఱుపు రంగున్నచో అది పనిచేయుచున్నదని గుర్తు. అందలి సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్కకు పనికివచ్చు రూపమునకు మార్చుచుండును. కంది యాకు రాలి నేలను కప్పును. కంది కట్టె పొయ్యికిని, దడికిని పనికివచ్చును. పప్పు మనిషికి, పొట్టు పశువునకు.

కలుపని పీకిన మొక్కలలోను కొన్ని, తుమ్మికూర, దొగ్గలికూర, జొన్నచెంచలి వంటివి, ఆ పూటకు కూరయై జొన్నరొట్టె ప్రక్కన చేరును. కలుపు తీయు స్త్రీకి ఏది కూరయో ఏది కసవో తెలియును. కలుపుమందు డబ్బాకు ఆ తేడా తెలియదు. దానికి కలుపంతయు కలుపే.

ఇంతవఱకు వలయము అందముగానే యున్నది. ఇచ్చట ఆగి యింటికి మరలినచో సందర్శనము సుఖాంతమగును గాని, చూచినది సగమే యగును. ఈ నేలపై ఈ వలయము ఒకసారి తెగినది. తెగిన కథ తెలియనిదే అది ఎట్లు తిరుగుచుండెనో తెలియదు.

1983లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కిలో రెండు రూపాయలకు బియ్యమిచ్చు పథకమును చేపట్టెను. ఆ పథకమును తక్కువచేసి మాటలాడరాదు. కూలి దొరకని నాడు పేదయింట పొయ్యి వెలిగించినది ఆ బియ్యమే. కాని మెట్టప్రాంతములలో దానివలన ఎవరును తలపెట్టని ఫలితమొకటి కలిగినది. చవుకగా బియ్యము దొరకగా జొన్నకు గిరాకి తగ్గెను. పెట్టుబడి లేని చిన్న రైతుల గరపనేలలు బీళ్లుగా పడసాగెను. జొన్న తగ్గగా చొప్ప తగ్గెను. చొప్ప తగ్గగా పశువులు తగ్గెను. పశువులు తగ్గగా పెంట తగ్గెను. పెంట యెఱుగని నేల మరుసటి యేడు జొన్ననైనను పండించలేకపోయెను. దీనికి బియ్యమొక్కటే కారణమని చెప్పుట న్యాయము కాదు; ప్రత్తి, చెఱకుల ఆకర్షణయు, ట్రాక్టరు రాకయు, బజారు మందులును తమ వంతు పనిచేసినవి. ఐనను బియ్యపు ఉదాహరణమున ఒక సూక్ష్మము కలదు. వరి పండిన చోట వరిగడ్డి యుండును. అచ్చటి పశువు దానిని తినును. అచ్చటి పొలమునకు పేడ చేరును. జహీరాబాదునకు వచ్చినది బియ్యము మాత్రమే. బియ్యపు బస్తాతో గడ్డిమోపు రాదు గదా! తిండిగింజ యొక్కటియే ప్రయాణము చేసినప్పుడు, దానితో పుట్టిన తక్కిన కుటుంబమంతయు పుట్టిన యూరిలోనే నిలిచిపోవును. పటములో ఒక్క బాణపు గుర్తు దిక్కు మాఱెను, అంతే. ఊరిలో కొట్టములు ఖాళీ యయ్యెను.

తెగినచోట ముడి వేయుటకు పూనుకొనినవారు ఆ ప్రాంతపు స్త్రీలే. జహీరాబాదు ప్రక్కనున్న పస్తాపూరు కేంద్రముగా 1983లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ యను సంస్థ యేర్పడెను. స్థాపకులలో నొకరైన పి.వి. సతీశ్ 2023లో కన్నుమూయువఱకు ఆ పనిలోనే యుండెను. సంస్థ పేరు ఆంగ్లమైనను పని నడిపినవి గ్రామ స్త్రీల సంఘములు. అందలి సభ్యులలో పెక్కురు నిరుపేద దళిత స్త్రీలు. 1990ల నడిమి కాలమున ఈ సంఘములు బీడు భూములను సాగులోనికి తెచ్చు పనికి దిగెను. బీడు గల చిన్న రైతునకు దున్నుటకు, పెంట తోలుటకు, విత్తుటకు సంఘము అప్పు ఇచ్చెను. రైతు ఆ యప్పును రూకలతో గాక జొన్నలతో కొన్నేండ్లపాటు తీర్చెను. ఆ జొన్నలు పట్టణపు గోదాములకు పోలేదు. ఊరిలోనే నిలువయుండి, పనులు దొరకని వానకాలమున ఆ యూరి పేదలకే తక్కువ ధరకు అమ్ముడయ్యెను. ఎవరు ఎంత పేదలో ఊరివారే కూర్చుండి నిర్ణయించుకొనిరి. అమ్మకమున వచ్చిన సొమ్ము మరికొన్ని బీళ్లకు పెట్టుబడి యయ్యెను. బీడు పండెను; పండిన గింజ ఊరివారికి తిండియయ్యెను; తిండి వెల మరియొక బీడును దున్నించెను. గింజతోపాటు చొప్పయు ఊరిలోనే పుట్టెను. లోకమున పెద్ద పెద్ద అర్థశాస్త్రజ్ఞులు వర్తులార్థికమును నిర్వచించుచున్న కాలముననే, అక్షరము రాని స్త్రీలు దానిని మానికతో కొలిచి నడిపిరనుట అతిశయోక్తి కాదు.

విత్తనపు సంగతి ఇంకను చూడదగినది. ఈ స్త్రీలు విత్తనములను మట్టియు పేడయు అలికిన గుమ్ములలో, గంపలలో దాచుదురు. నడుమ బూడిదయు వేపాకును చేర్చుదురు. బూడిద తేమను పీల్చును. వేప పురుగును దూరముంచును. విత్తనము లేనివారు సంఘమునుండి తీసికొని, పంట వచ్చిన పిమ్మట తీసికొనినదానికంటె కొంత యెక్కువగా తిరిగి కొలిచిపోయుదురు. అందువలన గంప ఏటేట నిండుచుండునే గాని వట్టిపోదు. బజారున కొనెడి సంకర విత్తనమున ఈ సౌకర్యము లేదు. దానిని దాచి మరుసటి యేడు విత్తినచో పైరంతయు ఒక తీరున రాదు. గనుక ఏటేట కొనవలసినదే. సంకర విత్తనము దిగుబడి హెచ్చు నిచ్చుట నిజము. అది సరళరేఖ యనుటయు నిజము. రెండు నిజములును చూచిన పిమ్మటనే ఎవరైనను తీర్పు చెప్పవలెను.

విద్యార్థులు చోట్లకు పోయి చూచుట కద్దు. చూడవలసిన చోటే బండి కట్టుకొని ఊరూర తిరుగుట జహీరాబాదు ప్రాంతమున మాత్రమే కనబడును కాబోలు. 2000వ సంవత్సర ప్రాంతమునుండి సంక్రాంతి మొదలు సుమారు నెల దినములపాటు పాత పంటల జాతర జరుపుచు వచ్చిరి. అలంకరించిన యెడ్లబండ్లపై కుండలలో, గంపలలో విత్తనములను పెట్టుకొని గ్రామగ్రామమున నిలిపి, ఏ నేలకు ఏ విత్తు తగునో మాటలాడుకొనుచు సాగి, తుదకు మాచ్‌నూరు గ్రామమున ముగించుట దాని సంప్రదాయము. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమమువారి ఈక్వేటర్ బహుమానము ఈ సంస్థకు లభించెను. 2023ను ప్రపంచమంతయు చిరుధాన్యముల సంవత్సరముగా జరుపుకొనెను. ప్రపంచము ఆ సంవత్సరము గుర్తించినదానిని ఈ బండ్లు అంతకు ఇరువదేండ్లకు పైగా ముందే మోసికొని తిరిగినవి.

ఇక మోయువారి ప్రశ్నకు రావలెను. పాతకాలపు పల్లెలో వ్యర్థమనునది లేకుండెనని పొగడువారు చాలమంది కలరు. వారి మాట వస్తువుల విషయమున చాలవఱకు నిజమే. ఎద్దు చచ్చినను దానిలో పనికిమాలినది లేకుండెను. తోలు మోటయై బావినుండి నీరు తోడెను, చెప్పులయ్యెను, డప్పయ్యెను, ఎముక పొలమునకు బలమయ్యెను. కాని ఆ కళేబరమును మోసి, తోలు తీసి, దానిని ఊనిన వారి వాడ ఊరి వెలుపల నుండెను. వారు కుట్టిన మోటతో ఎక్కిన నీరు దొర చెఱకుతోటను తడిపెను. అదే బావి నీటిని వారు ముట్టరాదనిరి. నైజాము కాలపు తెలంగాణమున చెప్పులును మోటలును దొరలకు వెట్టిగా, అనగా కూలి లేకుండ, ఇచ్చుకొనవలసి వచ్చెను. ఎద్దు తోలునకు విలువ యుండెను. దానిని కుట్టిన చేతికి విలువ లేకుండెను. అట్టి వలయమును గుండ్రముగా నున్నదని మెచ్చుకొనుట తగదు. అది తిరిగినది నిజమే; కొందఱి వీపులపై తిరిగినది.

పస్తాపూరు ప్రాంతపు స్త్రీల పనిలో గమనింపవలసిన ముఖ్యాంశము ఇచ్చటనే కలదు. పెంట యెత్తుటయు, కలుపు తీయుటయు, విత్తనము దాచుటయు ఆ స్త్రీలకు క్రొత్త పనులు కావు, తరతరములుగా చేసినవే. క్రొత్తదేమనగా ఆ గింజపై నిర్ణయము వారి చేతికి వచ్చుట. ఎవరికి అప్పీయవలెనో, ఎంత కొలువవలెనో, ఏ విత్తు దాచవలెనో వారే తేల్చిరి. ఒకప్పుడు విత్తనమునకై ఇతరుల వాకిట నిలిచినవారు అడిగినవారికి విత్తనమిచ్చువారైరి. వలయము చేసిన మేలును పంట బస్తాలతో కొలుచుట ఒక పద్ధతి. ఎవరి వాకిట ఎవరు నిలిచినారో చూచుట మరియొక పద్ధతి. విద్యార్థికి రెండవది నేర్పుట అవసరము. మొదటిది లెక్కల పుస్తకము నేర్పును.

ఈ కన్నుతో జహీరాబాదు పట్టణమునకు పోవలెను. 65వ నంబరు జాతీయ రహదారి దానిమీదుగా పోవును. రహదారి గల ప్రతి పట్టణమునను పాత ఇనుప సామాను దుకాణములుండును. దానిలోనికి పోయి చూచినవారు తక్కువ. చూడవలసినది మాత్రము ఎక్కువ. ఇనుమునకొక ధర, రాగికొక ధర, అట్టలకొక ధర, నీళ్ల సీసాలకొక ధర. లారీ విఱిగిన కమాను పట్టీ కమ్మరి కొలిమిలో కొడవలి యగును. అరిగిన టైరు చెప్పులగును. ఇంటిలో చినిగిన చీరలు ఇచ్చటికి రాక మునుపే బొంతగా కుట్టబడును. బొంత కుట్టు అవ్వకు పునర్వినియోగమను మాట తెలియదు గాని, ఏ గుడ్డ పొర లోపల నుండవలెనో ఏది పైన నుండవలెనో తెలియును. దుకాణపు తూకమున నిలువనిది ఒక్కటే, తళతళలాడు చిరుతిండి పొట్లము. దానిలో ప్లాస్టిక్కు పొరయు, అల్యూమినియపు పలుచని పొరయు విడదీయరాకుండ అతుక్కొని యుండును. విడదీయరానిది గనుక కరగించి మరల చేయుట కష్టము. కష్టము గనుక కొనువాడు లేడు. పెద్ద పెద్ద ఫ్యాక్టరీలలో మిక్కిలి నేర్పుతో చేసిన వస్తువు చెత్త ఏఱుకొను బాలుని సంచిలో కూడ చోటు సంపాదించుకొనలేకపోయినది. (బాలుడనుట అలవాటు చొప్పున వచ్చిన మాట, బాలుడు ఆ పనిలో నుండుటయే తప్పు, వాడు బడిలో నుండవలెను.)

2019లో పల్లె ప్రగతి యను కార్యక్రమమున తెలంగాణ ప్రభుత్వము గ్రామపంచాయతీలకు చెత్త తరలించు ట్రాక్టర్లను సమకూర్చి, చెత్తను వేఱుచేయుటకు షెడ్లను కట్టించెను. విద్యార్థులు తమ యూరి షెడ్డును తప్పక చూడవలెను. షెడ్డు ఎట్లున్నదని కాదు, దానిలో ఏమున్నదని చూడవలెను. తడిచెత్తయు పొడిచెత్తయు కలిసి ఒకే కుప్పగా వచ్చినచో కట్టడము ఎంత చక్కనిదైనను ఎరువు పుట్టదు. వేఱుచేయవలసిన చోటు షెడ్డు కాదు, ఇంటి గడప. గడపలో ఒక్క నిమిషమున చేయదగిన పనిని చేయకపోయినచో, దానిని పంచాయతి సఫాయి కార్మికుడు వట్టిచేతులతో కుళ్లిన కుప్పలో గంటలకొలది చేయవలసి యుండును. మోట కుట్టిన వారికి జరిగిన అన్యాయము ముగిసిపోయిన చరిత్ర యని తలచువారు ఒక ఉదయము ఆ కుప్ప దగ్గఱ నిలువవలెను.

చెఱకు విషయము క్లుప్తముగ చెప్పవచ్చును. చక్కెర మిల్లునకు నూఱు టన్నుల చెఱకు పోయినచో సుమారు ముప్పది టన్నుల పిప్పి వచ్చును. ఆ పిప్పియే బాయిలరులో మండి మిల్లును నడుపును. మిగిలిన ఆవిరితో విద్యుత్తు పుట్టును. మొలాసిస్ అను నల్లని పాకమునుండి ఇథనాలు తీసి పెట్రోలులో కలుపుదురు. రసమును వడియగట్టగా మిగిలిన మడ్డి పొలమునకు ఎరువు. మిల్లు లోపలి వలయము మెచ్చదగినదే. కాని ఆ చెఱకు త్రాగిన నీరు బోరుబావి లోతులనుండి వచ్చినది. ఎంత తీసితిమో అంత నేలలోనికి తిరిగి పోయినదా యని మిల్లు ద్వారము దగ్గఱ ఎవరును అడుగరు. అడుగవలసిన చోటు పొలము.

ఇట్టి వెదకులాట పల్లెకును మెట్టసేద్యమునకును మాత్రమే చెందినదని తలపరాదు. డెన్మార్కు దేశమున కలుండ్‌బోర్గ్ అను చిన్న రేవుపట్టణము కలదు. అచ్చట 1972లో చమురుశుద్ధి కర్మాగారమున వట్టిగా మండిపోవుచున్న వాయువును ప్రక్కనున్న గోడపలకల ఫ్యాక్టరీ కొనసాగెను. తరువాత విద్యుత్కేంద్రపు ఆవిరి మందుల ఫ్యాక్టరీకి, దాని వేడి పట్టణపు ఇండ్లకు, మందుల ఫ్యాక్టరీ మడ్డి చుట్టుపట్ల పొలములకు పోసాగెను. ఎవరును కూర్చుండి ఒక మహాప్రణాళిక వ్రాయలేదు. ఇరుగుపొరుగువారు ఒకరి మిగులు మరియొకరికి అక్కఱయని ఒక్కొక్కటిగా గుర్తించిరి. ఈ గొట్టములన్నియు కలిసి ఒక వలగా నున్నవని పట్టణమునకు కనబడినది 1980ల చివర అచ్చటి ఉన్నత పాఠశాల విద్యార్థులు వాని నన్నిటిని చేర్చి ఒక నమూనాను తయారుచేసినప్పుడే. ఫ్యాక్టరీలు నడుపువారికి తమ గొట్టమే తెలియును. పిల్లలు అన్ని గొట్టముల వెంబడి నడచిరి. నేడు ప్రపంచమంతటినుండి జనులు ఆ పట్టణమును చూడబోవుచున్నారు.

మొగుడంపల్లి పాఠశాల విద్యార్థులకు గొట్టములు లేవు, దారులు కలవు. ముందుగా చెప్పి చేసికొనిన సందర్శనములలో ఊడ్చిన నేలయు, ఉతికిన బట్టలును, సిద్ధముగా నున్న సమాధానములును కనబడును. పూలదండలు వేయు చోట ప్రశ్నలు పుట్టవు. దానికంటె నలుగురు విద్యార్థులు కలిసి ఒక్క వస్తువును, జొన్నచొప్పనో, పాలకవరునో, విఱిగిన కొడవలినో ఎన్నుకొని, నెల దినములు దాని వెంట తిరిగి, ఏ చేతినుండి ఏ చేతికి మాఱినదో, ప్రతి చేతికి ఎన్ని రూపాయలు దక్కినవో ఒక నోటుపుస్తకములో వ్రాసికొనుట మేలు. గంప బరువెంతయని త్రాసుతో తూచి వ్రాయవచ్చును. వీలైనచో ఒక్కసారి దానిని మోసియు చూడవచ్చును. మాటలాడబోయినప్పుడు ఆ స్త్రీని అవ్వా యనియో, అక్కా యనియో పిలిచి, పని చెడకుండ, ఆమె కూర్చుండు వేళకై కాచుకొని యడుగుట మఱవరాదు. ఆమె చెప్పినదానిని ఆమె పేరునకే వ్రాయవలెను. పాఠశాల పేరునకు కాదు.

అట్లు తిరిగి సాయంకాలము ఇల్లు చేరిన విద్యార్థి పెరటిలో తల్లి పొయ్యి బూడిదను పెంటకుప్పపై పోయుచుండుటను చూచును. బూడిదలో ఒక మూల ఉదయము తాను తినిన చిరుతిండి పొట్లము సగము కాలి, మెఱయుచు కనబడును. దానిని ఏఱి చేతిలోనికి తీసికొనును. పెంటలో వేసినచో పొలమునకు పోవును. పొయ్యిలో వేసినచో తల్లి పీల్చు పొగయగును. పట్టణపు దుకాణదారుడు దానిని కొనడని ఆ ఉదయమే విని వచ్చినాడు. తల్లి గంప దులుపుకొని లోపలికి పోవును. విద్యార్థి ఆ పొట్లమును పట్టుకొని పెరటిలోనే నిలుచుండి యుండును.